వేంగి రాజు గారి కల్చరల్ విక్టరీ

సివిలైజేషన్ అని ఒక కంప్యూటర్ ఆట ఉంది. ఆడినవాళ్ళకి పరిచయం అక్కర్లేదు. ఆడనివాళ్ళకి క్లుప్తంగా చెప్పాలంటే, క్రీ.పూ. 4000లో ఒక్క ఊరితో మొదలుపెట్టి చరిత్ర చివరిదాకా మన జాతిని నడిపించుకురావాలి. "ఇంకొక్క టర్న్, ఇంకొక్క టర్న్" అనుకుంటూ తెల్లారగట్ల నాలుగింటి దాకా కూర్చుని, పొద్దున్న స్టాండప్ కాల్‌లో కెమెరా ఆపేసుకునే జనం మన ఫీల్డులో తక్కువేం లేరు. గెలవడానికి చాలా దారులున్నాయి. అందరి మీదా పడి గెలవచ్చు, అంతరిక్ష నౌక పంపి గెలవచ్చు, ఓట్లు పోగేసుకుని గెలవచ్చు. నాకు మాత్రం కల్చరల్ విక్టరీ అంటేనే ఇష్టం. ఎవడి జోలికీ పోకుండా గుళ్ళూ గోపురాలూ కట్టుకుంటూ, కవుల్ని పోషించుకుంటూ గెలిచెయ్యడం అన్న మాట.

వినడానికి సుఖంగా ఉంటుంది గానీ, అన్నిటికన్నా ముందుగా ప్లాన్ చేసుకోవాల్సిన గెలుపు ఇదే. 2005లో వచ్చిన నాలుగో సివిలైజేషన్ సంగతే చెప్తాను (తర్వాత వచ్చిన వాటిలో రూల్స్ మారాయి, పైగా నా పాత లాప్‌టాప్ మోసేది ఇదొక్కటే). మామూలు స్పీడులో మూడు ఊళ్ళు, ఒక్కోటీ 50,000 కల్చర్ పాయింట్లకి చేరాలి. గుడి కడితే వచ్చేది టర్నుకి ఒక్క పాయింటు. ఈ లెక్కన ఎప్పటికి తేలేను అనిపిస్తుంది. కిటుకు వేరేచోట ఉంది. కట్టిన వెయ్యేళ్ళకి ఆ కట్టడం ఇచ్చే కల్చర్ రెట్టింపవుతుంది. ఆట మొదట్లో ఒక్కో టర్నూ 40 ఏళ్ళు, చివర్లో ఒక్కో టర్నూ ఒకే ఏడు. అంటే మొదట్లో కట్టిన గుడికి పాతిక టర్నుల్లో వెయ్యేళ్ళు నిండుతాయి, చివర్లో కట్టినదానికి ఆట అయిపోయినా నిండవు. చక్రవడ్డీ కాదు గానీ, దాని మేనత్త కొడుకు.

అందుకని ఏ మూడు ఊళ్ళు పైకి రావాలో ముందే తేల్చుకోవాలి. మిగతా చిన్న ఊళ్ళలో గుళ్ళు కట్టేది వాటి కోసం కాదు, మూడు గుళ్ళుంటే గానీ ఒక పెద్ద మందిరం కట్టనివ్వరు కాబట్టి. ఆ మందిరం ఉన్న ఊళ్ళో కల్చర్ యాభై శాతం పెరుగుతుంది. ఇంకో ముఖ్యమైన పని, పక్కనున్న బలమైనవాడిని మొదటినుంచీ మంచి చేసుకోవడం. వాడి మతమే మనమూ పుచ్చుకోవడం, అడిగింది అడిగినట్టు ఇచ్చుకోవడం. ఎందుకంటే కల్చర్ ఆడేవాడి దగ్గర సైన్యం నామమాత్రం. వాడు చచ్చేది ఎప్పుడూ పక్కవాడి చేతిలోనే.

ఇక అసలు విషయానికొస్తాను. మాది చింతలపూడి. నూజివీడు రసాలు తిని పెరిగిన ప్రాంతం. టెంక పాతితే కాపుకి ఎన్నేళ్ళు, అంటు కడితే ఎన్నేళ్ళు అనే లెక్క మా వైపు చిన్నపిల్లలు కూడా చెప్తారు. చింతలపూడి నుంచి ఏలూరు వైపు దిగితే, ఏలూరికి ఇవతల పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెదవేగి ఉంది. ఇప్పుడు చూస్తే మామూలు పల్లెటూరు, చుట్టూ తోటలు. కానీ శాలంకాయనుల నాటికే అది వేంగి, రాజధాని. తర్వాత తూర్పు చాళుక్యులదీ అదే. ఈ ఆట ఆడుతున్నంతసేపూ నాకు ఆ ఊరే గుర్తొస్తుంది. మన తెలుగు చరిత్రలో కల్చరల్ విక్టరీ అనదగ్గది ఏదైనా ఉంటే అది వేంగి వాళ్ళదే. పైగా దాన్ని కూడా అందరూ చివరి టర్నులో జరిగిన అద్భుతంలాగా చెప్తారు. రాజరాజ నరేంద్రుడు అడిగాడు, నన్నయ భారతం రాశాడు, తెలుగు పుట్టింది! అట్లా కాదు.

మొదటి టర్ను 624 ప్రాంతంలో పడింది. బాదామి చాళుక్య రెండో పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి ఇక్కడ ప్రతినిధిగా పెట్టాడు. తమ్ముడు కొన్నాళ్ళకి సొంత దుకాణం తెరిచాడు. వీళ్ళు వచ్చింది కన్నడ దేశం నుంచి. రాగిరేకుల మీద రాసే దానపత్రాలన్నీ సంస్కృతం. అలాంటివాళ్ళకి ఇక్కడి జనం మాటని రాతి మీద చెక్కించాల్సిన అవసరం ఏముంది? కానీ చెక్కించారు. అంతకు ముందే కడప వైపు రేనాటి చోళులు 6వ శతాబ్దంలో తెలుగులో శాసనాలు వేయించి దారి చూపించారు. వేంగి వాళ్ళలో జయసింహ వల్లభుడి నాటి విప్పర్ల శాసనం 7వ శతాబ్దానిది, తెలుగులో ఉంది. ఇవేవీ కావ్యాలు కావు. ఫలానా వాడికి ఇంత నేల ఇచ్చాం, చెడగొట్టినవాడికి పాపం తగులుతుంది, ఇంతే. టర్నుకి ఒక్క పాయింటు ఇచ్చే గుడి లాంటివి. అప్పుడు చూసినవాళ్ళెవరూ ఇది గెలుపుకి దారి అనుకుని ఉండరు.

తర్వాత 9వ శతాబ్దం మధ్యలో అద్దంకి శాసనం. ఇది గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడిది, తెలుగు పద్యంలో ఉంది. తరువోజ అనే దేశి ఛందస్సు. ఆ తర్వాత 10వ శతాబ్దంలో బెజవాడలో యుద్ధమల్లుడు కుమారస్వామి గుడి కట్టించి వేయించిన శాసనం, మధ్యాక్కరల్లో. ఒకసారి రాతి మీద పద్యం పడిందంటే దాన్ని కూర్చేవాడు ఒకడున్నాడనే కదా. వాడికి నేర్పినవాడు, విని సెబాసన్నవాడు, రాతిమీద తప్పు పోకుండా చెక్కినవాడు, అందరూ ఉన్నట్టే. నన్నయ నాటికి ఈ సరంజామా రెండు వందల ఏళ్ళ పాతది. ఆటలో గొప్ప కళాకారుడు ఊరికే ఊడిపడడు, ఊళ్ళో పాయింట్లు పోగుపడితేనే పుడతాడు. ఆ రూలు రాసినవాడెవడో గానీ చరిత్ర సరిగ్గానే చదివాడు.

అయితే శాంతియుత విజయం అన్నమాట దగ్గర నాకు కొంచెం గుచ్చుకుంటుంది. అద్దంకి శాసనంలో ఉన్నదేమిటి? పండరంగడు పన్నెండు బోయ కొట్టములు పట్టుకున్నాడని, కట్టెపు దుర్గాన్ని పడగొట్టాడని. అంటే మనం గర్వంగా చెప్పుకునే తొలి తెలుగు పద్యశాసనం ఒక యుద్ధం రిపోర్టు. ఓడిపోయిన బోయలూ ఈ గడ్డ మీదివాళ్ళే. వాళ్ళ వైపు కథ ఏ రాతి మీదా పద్యంగా లేదు. ఆటలో గుడికి రాయి ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ అడగరు. ఇక్కడ అడిగితే సమాధానం అదే రాతి మీద ఉంది.

ఇంకో దెబ్బ కూడా ఉంది. 941లో పంపకవి కన్నడంలో విక్రమార్జున విజయం రాశాడు, వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి కొలువులో. అది కూడా భారత కథే. ఈ పంపడి పూర్వీకులు వేంగి దేశం వాళ్ళు. మన ఊళ్ళో పోగుపడిన పాయింట్లతో పుట్టాల్సిన కవి పక్కవాడి ఊళ్ళో తేలాడన్న మాట. టాలెంటు వలస పోవడం బెంగుళూరుతోనూ కాలిఫోర్నియాతోనూ మొదలవలేదు. :-) పంపడి తమ్ముడు జినవల్లభుడు మాత్రం కరీంనగర్ వైపు కుర్క్యాల గుట్ట మీద వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు కూడా చెక్కించాడు. ఆ మాత్రం వడ్డీ అయినా తిరిగొచ్చింది.

ఇప్పుడు రాజరాజ నరేంద్రుడు. 1022లో పట్టాభిషేకం. ఈయన్ని శాంతి కాముకుడు, సాహితీ ప్రియుడు అని స్కూల్ పుస్తకాల్లో చదివాం. నాకైతే ఆయన పరిస్థితి ఆటలో సైన్యం లేకుండా ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఇరుక్కున్న ఆటగాడిలా కనిపిస్తుంది. దక్షిణాన చోళులు, పడమర కల్యాణి చాళుక్యులు. అంతకు ముందే జటాచోడ భీముడు వేంగిని పాతికేళ్ళకు పైగా ఏలాడు. 999 ప్రాంతంలో మళ్ళీ చాళుక్యుల్ని గద్దె మీద కూర్చోబెట్టింది చోళ రాజరాజు. ఆ సాయం ఊరికే రాలేదు. చోళ రాజరాజు కూతురు కుందవ్వ వేంగి విమలాదిత్యుడి భార్య అయింది. వాళ్ళ కొడుకే మన నరేంద్రుడు. పేరు కూడా తాతదే. ఈయన మళ్ళీ మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. బలమైన పక్కవాడితో స్నేహం అంటే ఇదీ, రెండు తరాల ముందే మొదలుపెట్టింది.

అదీ సరిపోలేదు. సవతి తమ్ముడు విజయాదిత్యుడు కల్యాణి వాళ్ళ అండతో 1031 ప్రాంతంలో గద్దె లాక్కున్నాడు. చోళులు సైన్యం పంపారు. కైకలూరు పక్కన కలిదిండి దగ్గర జరిగిన పోరులో ముగ్గురు చోళ సేనానులు చనిపోయారు. వాళ్ళ పేరు మీద నరేంద్రుడు అక్కడ మూడు శివాలయాలు కట్టించాడు. కలిదిండి అంటే ఇప్పుడు మనకి చేపల చెరువులే గుర్తొస్తాయి. తన సింహాసనం కోసం పరాయివాళ్ళు చచ్చిపోతే, రాజు చేయగలిగింది గుడి కట్టడం. ఈయన కట్టిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయేది ఈ మూడు గుళ్ళే.

ఇలాంటి రాజు రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయని భారతం తెలుగులో రాయమన్నాడు. కారణం కూడా దాచలేదు. తాము చంద్రవంశం వాళ్ళం, పాండవులు తమ వంశ పెద్దలు, వాళ్ళ కథ వినాలని ఉంది అంటాడు. ఇందులో రాజకీయం లేదని నేననను. చేతిలో రాజ్యం నిలవనివాడికి వంశం గొప్పదనం చాలా అవసరం. కానీ అదే పని సంస్కృతంలో ఇంకో ప్రశస్తి రాయించుకున్నా జరిగిపోయేది, అదే ఆనవాయితీ కూడా. తెలుగు అని ఎంచుకున్నాడు చూశారూ, అదీ ఆయన ఆట. ఆ పందెం వేయడానికి నాలుగు వందల ఏళ్ళ చిల్లర పాయింట్లు అప్పటికే ఎకౌంటులో ఉన్నాయి.

ఖర్చు ఎవరు పెట్టారన్నదీ చూడాలి. నన్నయకి సాయపడిన నారాయణభట్టుకి రాజు నందంపూడి అగ్రహారంగా ఇచ్చాడు. అగ్రహారం అంటే ఆ ఊరి పంట మీద రాజుకి రావాల్సింది ఇకమీదట ఆయనకి పోతుంది. ఆ దానశాసనం రాసింది కూడా నన్నభట్టే. ఆదికవి గారు రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్ పని కూడా చేశారన్న మాట. ఊళ్ళో కర్రు పట్టినవాడికి మాత్రం శిస్తు ఎవరికి కట్టాలన్నదొక్కటే మారింది. ఆటలో గోల్డ్ అని పైన మూలన ఒక అంకె ఉంటుంది చూశారూ, అది ఇదే.

గెలిచారా మరి? 1061లో రాజు పోయాడు. గద్దె మళ్ళీ విజయాదిత్యుడికే. నరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు తల్లి తరఫు వారసత్వంతో 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. వేంగి పిల్లాడు పూర్తిగా తమిళ చక్రవర్తి అయిపోయాడు. ఆయన కళింగ విజయం మీద కళింగత్తుప్పరణి అని తమిళంలో కావ్యం వచ్చింది. 1075 తర్వాత వేంగి చోళ రాజ్యంలో ఒక రాష్ట్రం. ఆటైతే ఇక్కడ ఓడిపోయావని స్క్రీన్ వచ్చేస్తుంది. 2025లో వచ్చిన ఏడో సివిలైజేషన్‌లో చోళులున్నారు, మౌర్యులున్నారు, మొగలులున్నారు. వేంగి లేదు.

ఆటలో ఒకసారి వచ్చిన కల్చర్ ఇక తరగదు. నిజంలో అది అబద్ధమని చెప్పడానికి మా దగ్గరే సాక్ష్యం ఉంది. చింతలపూడికి పక్కనే కామవరపుకోట మండలంలో గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. కొండని గుండ్రంగా తొలిచి, కప్పుకి చెక్క వాసాల్లాగా రాతి వాసాలు చెక్కిన చైత్యం, క్రీస్తుకి ముందుది. ఎన్ని టర్నుల శ్రమో! రాయి నిలిచింది గానీ, అక్కడ దీపం పెట్టే భిక్షువులు వందల ఏళ్ళ క్రితమే పోయారు. రాయి కన్నా గట్టి సామాను ఇంకేం కావాలి? అయినా పాయింట్లు ఆగిపోయాయి. కట్టడం ఉంటే చాలదు, ఎత్తుకుని పోయేవాడు ఒకడుండాలి. నన్నయ ఆది, సభా పర్వాలు ముగించి అరణ్య పర్వం మధ్యలో ఆగిపోయాడు. అంటే ప్రాజెక్టు సగంలో ఉండగా టీమూ పోయింది, కంపెనీ కూడా మూతపడింది. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో తిక్కన అందుకుని విరాట పర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు. వేంగి వాడు కాదు, వేంగి రాజుకి జీతగాడూ కాదు. తన భాగాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు.

మిగిలిన అరణ్య పర్వం 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. ఆయన్ని పోషించింది ప్రోలయ వేమారెడ్డి, రాజధాని అద్దంకి. పండరంగడి శాసనం ఉన్న అద్దంకే. ఎర్రన ఆ భాగాన్ని తన ప్రభువుకి ఇవ్వలేదు. నన్నయ రాసినట్టుగానే రాసి, రాజరాజ నరేంద్రుడికే అంకితం చేశాడు. అప్పటికి రాజు గారు పోయి మూడు వందల ఏళ్ళకి కాస్త తక్కువ.