కింది కనురెప్ప సడలింపు: శస్త్రచికిత్స ఎంపిక

కింది కనురెప్ప సడలి, దాని కింద ఉబ్బు, ముడత, గాడి ఏర్పడినప్పుడు సరిచేసే ఆపరేషన్లన్నిటినీ కలిపి లోయర్ బ్లెఫరోప్లాస్టీ అంటారు. పేరు ఒకటే అయినా ఆపరేషన్ ఒకటి కాదు. సాగింది చర్మమా, ముందుకు తోసుకొచ్చింది కొవ్వా, పట్టు తప్పింది రెప్ప అంచా అన్నది తేలాకే ఏది చేయాలో తేలుతుంది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి కండ్ల కింద సంచులొచ్చినాయని డాక్టరు దగ్గరికి వెళ్లే ఇద్దరికి రెండు వేరు వేరు ఆపరేషన్లు చెప్పవచ్చు, మూడో మనిషికి అసలు ఆపరేషనే వద్దనవచ్చు.

రెప్ప నిర్మాణం

రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలుచనిది. దాని కింద కన్ను మూసే వలయ కండరం, ఆ వెనక సెప్టం అనే పలుచని తెర, తెర వెనక కొవ్వు ఉంటాయి. కింది రెప్పలో ఈ కొవ్వు ముక్కు వైపు, నడుమ, చెవి వైపు మూడు అరలుగా ఉంటుంది. కాస్తన్యారెస్ అనే సర్జన్ 1951లో ఈ అరల గురించి వివరంగా రాశాడు. ముక్కు వైపు అరకూ నడిమి అరకూ మధ్యగా కనుగుడ్డును తిప్పే ఒక చిన్న కండరం పోతుంది. కొవ్వు తీసేటప్పుడు దానికి దెబ్బ తగిలితే ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది.

రెప్ప అంచుకు బిగువునిచ్చేది టార్సస్ అనే గట్టి పట్టీ. పై రెప్పలో దాని ఎత్తు 10 మిల్లీమీటర్ల దాకా ఉంటే కింది రెప్పలో 4 మాత్రమే. రెండు కొసల్లోని స్నాయువులు దాన్ని ఎముకకు కట్టి ఉంచుతాయి. వయసు పెరిగేకొద్దీ సెప్టం బలహీనపడి కొవ్వు ముందుకొస్తుంది, చర్మం సాగుతుంది, చెవి వైపు స్నాయువు వదులవుతుంది. ఎండ, పొగతాగే అలవాటు చర్మం సాగడాన్ని తొందరపెడతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో పొలాల్లో, బండల గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన వారి ముఖాల మీద ఈ తేడా కనిపిస్తుంది.

ముందు చేసే పరీక్షలు

ఉబ్బంతా కొవ్వు కాదు. పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గేది నీరు. అలాంటప్పుడు మూత్రపిండాలు, థైరాయిడ్, అలెర్జీల సంగతి ముందు చూడాలి. పైకి చూసినప్పుడు పెరిగి, కిందికి చూసినప్పుడు తగ్గేది కొవ్వు. రెప్ప దాటి చెంప ఎముక మీద వేలాడే ఉబ్బును ఫెస్టూన్ అంటారు. మామూలు రెప్ప ఆపరేషన్‌తో అది పోదు. ఈ మాట ముందే చెప్పని డాక్టరు దగ్గర రోగికి మిగిలేది నిరాశే. నల్లటి వలయాలు చర్మపు రంగు వల్ల వచ్చినవైతే వాటికి కత్తితో పని లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు. డాక్టరు కింది రెప్పను వేళ్లతో పట్టి ముందుకు లాగుతారు. కనుగుడ్డు నుంచి 6 నుంచి 8 మిల్లీమీటర్లకు మించి వస్తే సడలినట్టు. తర్వాత కిందికి లాగి వదులుతారు. బిగువున్న రెప్ప చప్పున కంటికి అతుక్కుంటుంది. సడలినది నిదానంగా వెళ్తుంది, లేదా ఆర్పితే గానీ వెళ్లదు. ఆ రెప్ప మీద చర్మం మాత్రమే కోసి కుట్టడం నులక సడలిన మంచం మీద దుప్పటిని సరిచేసినట్టే. పైగా కోత మానేటప్పుడు బిగుసుకునే చర్మం రెప్పను కిందికి గుంజి, కన్ను గుండ్రంగా, తెల్లగుడ్డు బయటపడేలా చేస్తుంది. కింది రెప్ప ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కుల్లో తరచుగా చెప్పేది ఇదే.

కనుగుడ్లు ముందుకుండి చెంప ఎముక వెనక్కి ఉన్న ముఖాల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కంటి పొడిదనం, గతంలో ముఖ పక్షవాతం, థైరాయిడ్ వల్ల కండ్లు ఉబ్బడం ఉన్నాయేమో కూడా చూడాలి. థైరాయిడ్ కంటి జబ్బు చురుగ్గా ఉన్నంత కాలం అందం కోసం కత్తి పెట్టరు. కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలి.

ఏ లోపానికి ఏ ఆపరేషన్

చర్మం బాగుండి, రెప్ప బిగువుగా ఉండి, కొవ్వు మాత్రమే ఉబ్బిన వారికి రెప్ప లోపలి ఎర్రపొర గుండా చేసే ట్రాన్స్‌కంజంక్టైవల్ పద్ధతి సరిపోతుంది. ఫ్రెంచి వైద్యుడు బూర్గే 1924లో దీన్ని వివరించాడు. బయటికి మచ్చ కనిపించదు, రెప్ప కిందికి గుంజుకుపోయే అవకాశం తక్కువ. ఒకప్పుడు కొవ్వును ధారాళంగా కోసి పారేసేవారు. పదేళ్లు గడిచేసరికి కన్ను గుంతలో పడి మనిషి ఉన్న వయసు కంటే ముసలిగా కనిపించేవాడు. అందుకే కంటికీ చెంపకూ మధ్య గాడి ఉన్నవారికి కొవ్వును తీసేయకుండా ఎముక అంచు మీదుగా ఆ గాడిలోకి సర్దడం 1980ల నుంచి వాడుకలోకి వచ్చింది.

చర్మం నిజంగా ఎక్కువైతే వెంట్రుకల వరుసకు కాస్త కింద కోసి సన్నని పేలిక తీస్తారు. నోరు తెరిచి పైకి చూసినప్పుడు కూడా మిగిలే చర్మాన్నే తీయాలి. తక్కువ తీస్తే మళ్లీ తీయవచ్చు, ఎక్కువ తీస్తే వేరే చోటి నుంచి చర్మం తెచ్చి అతకాలి. ముడతల కోసం లేజర్, రసాయన పీల్ కూడా చేస్తారు గానీ మన చామనఛాయ, నలుపు చర్మాల్లో అవి మచ్చలు మిగిల్చే అవకాశం ఎక్కువ. గాడి నింపడానికి హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్లు ఉన్నాయి. వాటి ఫలితం తాత్కాలికం, మందు రక్తనాళంలోకి పోతే చూపుకే ముప్పు. బ్యూటీ పార్లర్‌లో చేయించుకునే పని కాదు.

రెప్ప అంచు సడలినప్పుడు పైన చెప్పిన ఏ పద్ధతికైనా చెవి వైపు కొసను బిగించే పని తోడవ్వాలి. కొద్దిపాటి సడలింపుకు స్నాయువును కుట్టుతో ఎముక పొరకు బిగించే క్యాంథోపెక్సీ చాలు. బాగా వదులైతే అంచును కాస్త కురచ చేసి ఎముకకు కుట్టే లాటరల్ టార్సల్ స్ట్రిప్ చేస్తారు. ఈ పద్ధతిని వైద్యులు ఆండర్సన్, గోర్డీ 1979లో ప్రచురించారు. రెప్ప బయటికి తిరుక్కుని నీళ్లు కారుతున్నా, లోపలికి తిరిగి వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతున్నా అది అందం సంగతి కాదు, వైద్య అవసరం. ఈ తేడా డబ్బు దగ్గర కూడా తేలుతుంది: అందం కోసం చేసే ఆపరేషన్‌కు ప్రభుత్వ ఆరోగ్య పథకం గానీ మామూలు ఆరోగ్య బీమా గానీ వర్తించదు. కాబట్టి నీళ్లు కారడం, మంట, కన్ను పూర్తిగా మూతపడకపోవడం లాంటివి ఉంటే చీటీలో స్పష్టంగా రాయించుకోవాలి.

ఎక్కడ, ఎవరి దగ్గర

కంటి వైద్యంలో ఎం.ఎస్. చేసి ఆక్యులోప్లాస్టీలో, అంటే రెప్పల, కంటి చుట్టూ భాగాల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందినవారు, లేదా ఎం.సీహెచ్. చేసిన ప్లాస్టిక్ సర్జన్లు ఈ పనికి తగినవారు. మొదట చెప్పిన మూడు ఊళ్లలోనూ సాధారణ వైద్యానికి పాత అండ ఉంది. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి మిషనరీల నాటిది. అక్కడ కొంతకాలం వైద్యాధికారిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తన తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. షుగరు, బీపీ, థైరాయిడ్ పరీక్షలకు ఊరు దాటనక్కర్లేదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే కడప రిమ్స్, ప్రత్యేక ఆక్యులోప్లాస్టీ విభాగం కావాలంటే హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటివి ఉన్నాయి.

దూరాన్ని కూడా ఎంపికలో లెక్కించాలి. ఆపరేషన్ తర్వాత కనుగుడ్డు వెనక రక్తం చేరడం చాలా అరుదు, కానీ చేరితే కంటి నరం మీద ఒత్తిడి పెరిగి గంట, గంటన్నరలోనే చూపు పోవచ్చు. ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. అప్పుడు చెవి వైపు కొసను కోసి ఒత్తిడి తగ్గించాలి. పులివెందుల నుంచి కడపకే దాదాపు 70 కిలోమీటర్లు. ఉదయం ఆపరేషన్ చేయించుకుని సాయంత్రం బస్సెక్కి ఇల్లు చేరడం తెలివైన పని కాదు. ఆ రాత్రి ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే ఉండాలి. ఒక కన్ను గట్టిగా ఉబ్బి, నొప్పి పెరిగి, చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగకూడదు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే సర్జన్‌కు చెప్పాలి. గుండెకు స్టెంట్ వేసుకున్నవారు గుండె డాక్టరును అడగకుండా వాటిని సొంతంగా ఆపకూడదు.

కోలుకోవడం

మత్తు ఇంజెక్షన్‌తో గంట, రెండు గంటల్లో ఆపరేషన్ అయిపోతుంది. రెండు రోజులు చల్లని కాపడం పెట్టి, తల ఎత్తుగా ఉంచి పడుకోవాలి. కుట్లు ఉంటే 5 నుంచి 7 రోజులకు తీస్తారు, కమిలిన రంగు రెండు వారాల్లో పోతుంది. ఎండ కాయని నెలల్లో చేయించుకుంటే మంచిది. సిమెంటు ఫ్యాక్టరీ, బండల పాలిషింగ్ యూనిట్ లాంటి దుమ్ము చోట్ల పనిచేసేవారు తిరిగి పనిలోకి ఎప్పుడు పోవచ్చో ముందే అడగాలి. ఆ తర్వాత కూడా కళ్లద్దాలు తప్పనిసరి. లోపలి వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది. ఇంకా ఏదైనా తేడా మిగిలితే సరిచేసే రెండో ఆపరేషన్ గురించి సాధారణంగా ఆరు నెలలు దాటాకే ఆలోచిస్తారు.