బెంచీ మీది నంబరు

మన బడి బెంచీలు గుర్తున్నాయా? వెనక చెక్కకు తెల్ల రంగుతో బడి పేరు పొడి అక్షరాల్లో, దాని కింద ఒక నంబరు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, వేసవి సెలవులకు ముందు ఆ రాతపని డ్రాయింగు మాస్టారు మా నలుగురికి అప్పగించారు. చేతికి ఒక రేకు స్టెన్సిలు ఇచ్చారు. అందులో అక్షరాలు కోసి ఉన్నాయి, నంబరు దగ్గర మాత్రం ఖాళీ గడి. రేకు పెట్టి రంగు అద్దితే అక్షరాలు అన్ని బెంచీలకూ ఒకేలా పడేవి. నంబరు మటుకు చేత్తో రాయాలి. నేను రెండు బెంచీలకు 47 వేశాను. మాస్టారు తిట్టలేదు. స్టాకు రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టి, "ఏ 47 ఏ గదిలో ఉందో ఇందులో రాయరా" అన్నారు. ఎట్లా రాస్తాను?

సంచిక కమిటీవారు ఏదైనా వ్యాసం ఇవ్వమంటే నాకు ఆ రేకే గుర్తుకొచ్చింది. నా వృత్తి చరిత్రలో ఒక ముక్క అచ్చంగా ఆ రేకు కథే.

పాలిటెక్నిక్‌లో మేం మినీ డ్రాఫ్టరు, ట్రేసింగు పేపరు, ఇంకు పెన్నులతో నేర్చుకున్నవాళ్లం. అక్షరాల ఎత్తు కూడా ఇష్టమొచ్చినట్టు ఉండకూడదు. 2.5, 3.5, 5, 7, 10 మిల్లీమీటర్లు, ఇదీ వరస. ఒక్కో మెట్టు ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఎ4 నుంచి ఎ3కి కాగితం పెరిగేదీ అదే లెక్కన కాబట్టి, డ్రాయింగును ఒక సైజు పెంచినా తగ్గించినా అక్షరం మళ్లీ ఆ వరసలోనే పడుతుంది. ఇది ఎవరు ఆలోచించారో గాని, వాళ్లకు దండం పెట్టాలి. కిటికీకో, వాల్వుకో ప్లాస్టిక్ టెంప్లేటు ఉండేది. దాని పక్కన వివరం మాత్రం ప్రతిసారీ రాసుకోవాల్సిందే.

రేకును కంప్యూటర్‌లోకి మొదట తెచ్చినవాడు ఇవాన్ సదర్లాండ్. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఆయన తన డాక్టరేటు కోసం టీఎక్స్-2 అనే కంప్యూటరు మీద స్కెచ్‌ప్యాడ్ తయారుచేశాడు. లైట్ పెన్నుతో తెర మీదే గీయడం అందులో అందరూ చెప్పుకునే వింత. నాకు గొప్పగా కనిపించేది ఇంకోటి. మూలబొమ్మ ఒక్కటే గీసి, దాని ప్రతుల్ని ఎన్ని చోట్లయినా పెట్టుకోవచ్చు. మూలాన్ని దిద్దితే ప్రతులన్నీ వాటంతట అవే మారతాయి. ఈనాడు మేం బ్లాక్ అనేది దాని మనవడే.

1982లో జాన్ వాకర్, ఆయన మిత్రులు ఆటోడెస్క్ కంపెనీ పెట్టి, ఆ ఏడాది చివర్లో ఆటోక్యాడ్‌ను మార్కెట్లోకి తెచ్చారు. బల్ల మీద పట్టే చిన్న కంప్యూటర్లో డ్రాయింగు నడిచింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే బ్లాకుకు యాట్రిబ్యూట్ జతయింది. రేకులోని ఖాళీ గడి అన్నమాట. అట్‌డెఫ్ కమాండుతో గడికి ట్యాగ్ అని ఒక పేరు, నింపేవాణ్ణి అడగాల్సిన ప్రశ్న, ముందే పెట్టుకునే విలువ ఇస్తాం. తర్వాత వాటిని బొమ్మతో కలిపి బ్లాకు చేస్తాం. బ్లాకును పెట్టిన ప్రతిసారీ "కిటికీ సైజు ఎంత?" అని అదే అడుగుతుంది. చివర్లో ఆ విలువలన్నీ ఒక ఫైలుగా బయటికి తీస్తే షెడ్యూలు తయారు. డ్రాయింగే స్టాకు రిజిస్టరు అయిపోయింది.

1993లో హైదరాబాదులో ఒక ఆఫీసులో చేరాను. ఒక హాస్టలు ప్లాను నా చేతికొచ్చింది. అందులో ఒకే రకం కిటికీలు 36. 1200 మిల్లీమీటర్ల కిటికీ గీసి, సైజును యాట్రిబ్యూట్‌గా పెట్టాను. పని సగమయ్యాక కిటికీ వెడల్పు 1500 చేయమన్నారు. బ్లాకును దిద్ది, అదే పేరుతో మళ్లీ ఎక్కించాను. కళ్ల ముందే 36 కిటికీలూ ఒక్క క్షణంలో వెడల్పయ్యాయి. ఆ పొగరులో షెడ్యూలు తీసి, చదవకుండానే పంపేశాను.

బ్లాకు మారితే గీతలు మారతాయి. కాని యాట్రిబ్యూట్ విలువ మూలంలో ఉండదు. ఏ ప్రతిది ఆ ప్రతి దగ్గరే నిల్వ ఉంటుంది, అలా ఉంటేనే గదా ఒక్కోదానికి ఒక్కో నంబరు వేయగలం! నా షెడ్యూల్లో 36 చోట్లా 1200 అనే ఉంది. నేను సైటుకు వెళ్లేసరికి గోడల్లో ఖాళీలు 1500, మద్దికర్రతో చేసిన చట్రాలు 1200. అప్పటికే 22 చట్రాలు అయిపోయాయి. వడ్రంగి మేస్త్రి నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. "సారూ, బొమ్మ జూసేది మీరు, మేం రాత జూస్తం" అన్నాడు, అంతే. కర్ర డబ్బు ఆఫీసు ఇచ్చింది. ఆయన పదిరోజుల కూలి ఎవరూ ఇవ్వలేదు. నా మొదటి జీతాల్లోంచి కొంత ఇచ్చాను గాని, మొత్తం ఇవ్వలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు పనిముట్లు చాలా మెరుగుపడ్డాయి. 2002 వెర్షన్‌లో అట్‌సింక్ వచ్చాక, బ్లాకులో గడులు మార్చి పాత ప్రతులకూ ఆ మార్పు అందించడం సులువైంది. అయితే అదీ గడినే సరిచేస్తుంది, అందులో మనం రాసిన విలువను కాదు. 2006 వెర్షన్‌తో డైనమిక్ బ్లాకులు వచ్చాయి. ఒకే కిటికీ బ్లాకును లాగి పొడవు చేయొచ్చు, సైజు అంకె కూడా దాన్నే అనుసరించేలా కట్టొచ్చు. 1993లో అదే ఉంటే ఆ 22 చట్రాలు నిలిచేవి. కుర్ర ఇంజనీర్లకు ఒక్క మాట చెబుతుంటాను. యాట్రిబ్యూట్లున్న బ్లాకును ఎక్స్‌ప్లోడ్ చేయొద్దు. విలువలు పోయి, గడుల పేర్లు మాత్రం మిగులుతాయి. ఎవరూ వినరు, ఒకసారి పోగొట్టుకున్నాకే వింటారు.

ఈ వేసవిలో మన సంఘం మరమ్మతుల కోసం బడి ప్లాను గీశాను. ప్రతి గదీ ఒక బ్లాకు. గది నంబరు, కొలత, పైకప్పు రకం కాగితం మీద అచ్చవుతాయి. ఇంకో గడిని కనిపించకుండా పెట్టాను, అట్‌డిస్ప్ కమాండు ఇస్తేనే తెర మీదికొస్తుంది. మన కాలంలో ఆ గది ఏమిటన్నది అందులో రాస్తున్నాను. 3వ నంబరు గదికి "డ్రాయింగు రూము, రేకులు ఇక్కడే" అని నింపాను. 9, 11 నంబర్ల గదులు ఇంకా ఖాళీగా ఉన్నాయి. 1986కు ముందు బ్యాచ్‌లవాళ్లు ఎవరికైనా గుర్తుంటే సంఘం కార్యదర్శికి చెప్పండి, నింపుతాను.