పనిచోట నాయకత్వం, శ్రామిక భాగస్వామ్యం: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత చరిత్ర

పనిని నడిపించే అధికారం ఎవరిది, ఆ పనికి సంబంధించిన నిర్ణయాల్లో పనిచేసేవారి మాటకు ఎంత విలువ ఉంది, పనిలో ఉంటూనే వారు నైపుణ్యంలోనూ హోదాలోనూ ఎదగడానికి దారి ఉందా అనే మూడు ప్రశ్నల చుట్టూ అల్లుకున్నదే పనిచోట నాయకత్వ చరిత్ర. యాజమాన్య శాస్త్రంలో ఈ చర్చ 1924–32 మధ్య అమెరికాలోని హాథార్న్ కర్మాగారంలో జరిగిన ప్రయోగాలతోనూ, వాటిని వ్యాఖ్యానించిన ఎల్టన్ మేయో రచనలతోనూ ఊపందుకోగా, ఉద్యోగి మనసుపెట్టి పనిలో లీనం కావడాన్ని ప్రత్యేక భావనగా 1990లో విలియం కాన్ ప్రతిపాదించాడు. వైఎస్సార్ కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో మాత్రం ఇవే ప్రశ్నలు అంతకు చాలాకాలం ముందే మగ్గాల దగ్గర తలెత్తాయి. యజమాని మంచివాడా కాదా అన్నదానికన్నా, నూలు ఎవరి సొమ్ము, లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంది అన్న సంగతులే ఇక్కడ శ్రామికుడి స్థానాన్ని నిర్ణయించాయి.

నేతపనిలో పెత్తనం

పెన్నా పరీవాహకంలోని నల్లరేగడి భూముల్లో పత్తి పండటం వల్ల జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాలు పత్తి వ్యాపారానికీ నేతకూ కేంద్రాలయ్యాయి. తొగట, పద్మశాలి మొదలైన కులాల కుటుంబాలు ఈ వృత్తిని తరతరాలుగా సాగించాయి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన తరువాత థామస్ మన్రో 1807 వరకు దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. ఆ కాలంలో కంపెనీ బట్టను నేరుగా కొనేది కాదు; నేతగాళ్ళకు ముందుగా బయానా ఇచ్చి, తనకు తప్ప మరొకరికి నేయకూడదన్న షరతుతో ఒప్పందం రాయించుకునేది. దత్త మండలాలకు రాకముందు మన్రో పనిచేసిన బారామహల్‌లో, కంపెనీ ఉద్యోగులు ముఖ్యులైన నేతగాళ్ళను ఒకచోట చేర్చి, ఒప్పుకునేదాకా కాపలా పెట్టేవారని అతడే తరువాత బ్రిటిష్ పార్లమెంటు విచారణలో చెప్పాడు. దీనికి తోడు మగ్గాల మీదా చేతివృత్తుల మీదా వేసే మొతర్ఫా పన్ను పందొమ్మిదో శతాబ్ది మధ్యదాకా కొనసాగింది.

కంపెనీ వ్యాపారం ముగిసినా బయానా పద్ధతి పోలేదు. ఇంట్లో రాట్నంపై వడికిన నూలు స్థానంలో మిల్లు నూలు రావడంతో ముడిసరుకును కొనితెచ్చుకోవలసిన అవసరం ఏర్పడి, ఆ పెట్టుబడి పెట్టగలిగిన షావుకారు, అంటే మాస్టర్ వీవర్, ఈ వృత్తికి కేంద్రమయ్యాడు. పడుగు, పేక, డిజైను అతడే ఇస్తాడు. నేసిన చీరను అతడే తీసుకుని చీరకు ఇంత అని కూలి లెక్కగడతాడు. ముందు ఇచ్చిన అప్పు పద్దులో అలాగే ఉంటుంది కనుక అది తీరేదాకా నేతగాడు మరో షావుకారు దగ్గరికి పోలేడు. షావుకారు నాయకత్వానికి ఉన్న సుగుణాలను తక్కువ చేయనవసరం లేదు: ఏ రంగు చీర ఏ ఊళ్ళో అమ్ముడుపోతుందో అతనికి తెలుసు, సరుకు నిలిచిపోతే నష్టం మొదట అతడిదే, పెళ్ళికో చావుకో చేతికి డబ్బు అందించేదీ అతడే. అయితే ఈ ఏర్పాటులో నేతగాడి పనితనం ఎంత పెరిగినా అతడి స్థానం మారదు. మార్కెట్టు గురించిన తెలివిడి అంతా షావుకారు దగ్గరే ఆగిపోవడం దీనికి ప్రధాన కారణం.

కూలి లెక్కలోకి రాని శ్రమ ఇందులో చాలా ఉంది. గుంట మగ్గంలో నేతగాడు గుంట అంచున కూర్చుని కాళ్ళను లోపలికి జారవిడిచి తొక్కుడు కర్రలను తొక్కుతూ నాడెను ఆడిస్తాడు. ఒక పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత పోగు కొసకు చేతితో అతకాలి. పట్టు చీరకైతే ఈ పోగులు వేలల్లో ఉంటాయి. వానాకాలంలో గుంటలో చెమ్మ చేరి పోగులు బిగుసుకుపోయే రోజుల్లో నేత ఆగిపోతుంది. పోగులు అతికిన దినానికీ, చెమ్మకు మగ్గం నిలిచిన దినానికీ, నూలు కోసం ఎదురుచూసిన దినానికీ చీర లెక్కన ఇచ్చే కూలిలో చోటు లేదు. కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం ఆడవారి పని కాగా, మగ్గం లెక్క మగవాడి పేరనే నడిచేది. ఈ వృత్తి చరిత్ర రాసినవారు కూడా ఆడవారి శ్రమను చాలాకాలం పక్కనపెట్టడం పెద్ద లోటు.

సహకార సంఘాలు

ఈ స్థితిని మార్చే ప్రయత్నాల్లో అన్నిటికన్నా లోతైనది సహకారోద్యమం. 1904 నాటి పరపతి సంఘాల చట్టం అప్పుల వరకే పరిమితం కాగా, 1912 చట్టం ఉత్పత్తిదారుల సంఘాలకు కూడా దారి తెరిచింది. 1935లో మద్రాసు రాష్ట్రస్థాయి చేనేత సహకార సంఘం ఏర్పడింది. స్వతంత్ర నేతగాడు కూలివాడిగా మారిపోతున్న సంగతిని 1942 నాటి నిజనిర్ధారణ సంఘం నివేదిక వివరంగా నమోదు చేసింది. ప్రగడ కోటయ్య (1915–1995) వంటి నాయకులు చేనేత సమస్యను చట్టసభల్లోకి తీసుకెళ్ళి సహకార పద్ధతికి రాజకీయ బలం చేకూర్చారు. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్టపై సెస్సు వేసి చేనేతకు నిధి సమకూర్చే చట్టం వచ్చింది. 1974లో శివరామన్ కమిటీ మగ్గాల్లో అరవై శాతాన్ని సహకార పరిధిలోకి తేవాలని సూచించగా, 1976లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల కేంద్ర చేనేత సహకార సంఘాలు కలిసి రాష్ట్రస్థాయి సంఘమైన ఆప్కో ఏర్పడింది.

సంఘం పద్ధతి కాగితంపై సరళమైనది. నేతగాడు వాటా సొమ్ము కట్టి సభ్యుడవుతాడు, సంఘం నూలు ఇచ్చి బట్ట తీసుకుని కూలి చెల్లిస్తుంది, లాభం మిగిలితే బోనసుగా పంచుతుంది, ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదువుతారు, పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. షావుకారు దగ్గర ఎన్నడూ చూడని లెక్కను చూసే హక్కు నేతగాడికి మొదటిసారి దక్కింది ఇక్కడే. కొందరు నేతగాళ్ళు డైరెక్టర్లుగా, అధ్యక్షులుగా ఎదిగి నూలు బేరం, బ్యాంకు రుణం, ఆడిట్ వంటి వ్యవహారాలు నేర్చుకున్నారంటే అది సహకార సంఘమనే బడి వల్లనే. అయితే అమ్మకం ఆప్కో కొనుగోలు మీద ఆధారపడిన కొద్దీ, బకాయిలు పేరుకుపోయినప్పుడల్లా సంఘం మగ్గాలకు పని ఇవ్వలేక సభ్యులు మళ్ళీ షావుకారు గుమ్మం ఎక్కేవారు. ఎన్నికలు వాయిదా పడి ప్రభుత్వం నియమించిన అధికారి చేతికి పాలన వెళ్ళిన సంఘాల్లో సభ్యత్వం పేరుకే మిగిలింది. ప్రభుత్వ జోక్యాన్ని తగ్గించే ఉద్దేశంతో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చినా, ఎక్కువ ప్రాథమిక చేనేత సంఘాలు 1964 నాటి సహకార సంఘాల చట్టం కిందనే ఉండిపోయాయి.

విద్యుత్ కేంద్రం

కర్మాగారాల్లో శ్రామికుల భాగస్వామ్యానికి చట్టబద్ధమైన పునాది వేసింది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. వందమంది లేదా అంతకు మించి పనిచేసే చోట, యాజమాన్య ప్రతినిధుల కన్నా కార్మిక ప్రతినిధులు తక్కువ కాకుండా ఉండే కార్యస్థల సంఘాన్ని ఏర్పరచమని ఆదేశించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 43ఎ అధికరణ, పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు భాగం కల్పించడాన్ని ఆదేశిక సూత్రంగా ప్రకటించింది.

ఈ ప్రాంతంలో అటువంటి పెద్ద పనిచోటు యర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గరి రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం. 1994లో తొలి యూనిట్ మొదలై, 2018లో 600 మెగావాట్ల ఆరో యూనిట్ చేరడంతో స్థాపిత సామర్థ్యం 1650 మెగావాట్లయింది. విద్యుత్ కేంద్రంలో నాయకత్వం మాటల్లో కన్నా షిఫ్టు మారే వేళ కనిపిస్తుంది. దిగిపోయే షిఫ్టు ఇంజనీరు లాగ్‌బుక్కులో రాసి ఎక్కే షిఫ్టుకు అప్పగించిన వివరాల మీద, మరమ్మతుకు పర్మిట్ ఇచ్చేముందు ఆ భాగానికి విద్యుత్తు నిలిపివేశారా అన్న తనిఖీ మీద మనుషుల ప్రాణాలు ఆధారపడతాయి కాబట్టి, కిందిస్థాయి ఆపరేటరు అనుమానం వ్యక్తం చేస్తే పైవాడు వినక తప్పని క్రమశిక్షణ అవసరమవుతుంది. 1999లో విద్యుత్ బోర్డును విడదీసి జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా మార్చినప్పుడు ఉద్యోగ భద్రత, పింఛను విషయాల్లో 1104, 327 అన్న సంఖ్యలతో పిలిచే ఉద్యోగ సంఘాల మాటకు బలముండేది. కాంట్రాక్టు కార్మికులకు ఆ బలం లేదు. బొగ్గు, బూడిద నడుమ అదే ఆవరణలో పనిచేస్తున్నా పదోన్నతి నిచ్చెన వారి దగ్గరికి రాలేదు. యర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాల్లోనూ ఈ రెండంచెల ఏర్పాటే ఉంది.

గనులు

పులివెందుల వైపు పనిచోటు అంటే గని. వేముల ప్రాంతంలోని ముగ్గురాయి, బ్రాహ్మణపల్లె పరిసరాల్లోని రాతినార తవ్వకాలు చిన్న కాంట్రాక్టర్ల చేతిలో సాగినవి. అక్కడ మేస్త్రీ మాటే చట్టం, దుమ్ము నుంచి రక్షణ కూలివాడి సొంత బాధ్యత. తుమ్మలపల్లెలో భారత యురేనియం సంస్థ 2007లో శంకుస్థాపన చేసి 2012లో ఉత్పత్తి ప్రారంభించిన గని, శుద్ధి కర్మాగారంతో ఇక్కడ మరో రకమైన క్రమం వచ్చింది. గనుల చట్టం కింది నిబంధనల ప్రకారం కొత్తగా చేరినవారికి ముందుగా వృత్తి శిక్షణ ఇవ్వాలి. వందమందికి మించి పనిచేసే గనిలో భద్రతా సంఘం ఉండాలి. పెద్ద గనుల్లో కార్మిక సంఘాన్ని సంప్రదించి నియమించిన కార్మిక తనిఖీదారు గనిని పరిశీలించి, లోపాలను రిజిస్టరులో నమోదు చేయవచ్చు. పనివాడే తన పనిచోటును తనిఖీ చేసి రాతలో పెట్టే ఈ హక్కు భారత కార్మిక చట్టాల్లో అతి విలువైన ఏర్పాట్లలో ఒకటి. తుమ్మలపల్లె, మబ్బుచింతలపల్లె, రాచకుంటపల్లె వంటి గ్రామాల్లో భూములు కోల్పోయిన కుటుంబాలకు ఉద్యోగాలు ఇవ్వడం ఈ గని చరిత్రలో ప్రధాన వివాదంగా నిలిచింది. అరటితోట రైతు గని కార్మికుడిగా మారడాన్ని ఎదుగుదలగా లెక్కించవచ్చా అన్న ప్రశ్న దానితోనే ముడిపడి ఉంది.

ఇటీవలి పరిణామాలు

2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం పథకం, సొంత మగ్గమున్న నేత కుటుంబానికి ఏటా 24,000 రూపాయలను నేరుగా బ్యాంకు ఖాతాలో వేసింది. డబ్బు చేతికి అందడం మేలే అయినా, సహాయం సంఘం ద్వారా కాక వ్యక్తికి నేరుగా చేరడంతో సభ్యులను సమావేశానికి రప్పించే కారణాల్లో ఒకటి తగ్గింది. ఇతరుల షెడ్లలో కూలికి నేసేవారు, మగ్గం తమది కానందున, ఈ పథకం పరిధిలోకి రాలేదు.