జాలి కాదు, దారి కావాలి
బాయిలో దెబ్బతగిలి మంచాన పడ్డవారు మన గోదావరిఖనిలో కొత్త కాదు. "ఇంక ఆయన బతుకింతే" అనేస్తాం.

1948లో ఇంగ్లండులో డాక్టర్ గుట్‌మన్ అలా అనుకోలేదు. యుద్ధంలో వెన్ను దెబ్బతిన్న 16 మందికి చక్రాల కుర్చీల్లోనే విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కు అదే నాంది.

1968లో టెల్ అవీవ్‌కు మనవాళ్ళు పదిమందే వెళ్ళారు. పతకం లేదు. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈతలో బంగారు పతకం గెలిచాడు.

2024లో పారిస్‌కు 84 మంది వెళ్ళి, 29 పతకాలు తెచ్చారు. అందులో ఒకటి మన వరంగల్లు వైపు కల్లెడ పిల్ల జీవాంజి దీప్తిది. బుద్ధి వికాసంలో లోపమని ఊళ్ళో వెక్కిరింపులు పడ్డ బిడ్డ, 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది.

మన ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే తలుపు వెనక దాచకండమ్మా. వాకిలి తెరవండి.