వెనక బండికీ బ్రేకు కావాలె



ఎడ్లబండి తోలినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎద్దులు బండిని లాగుతవి. వాలు దిగేటప్పుడు బండే ఎద్దులను తోస్తుంది. బరువు వెనక ఉంటే, ఆపే ఉపాయం కూడా వెనకనే ఉండాలె. ఈ చిన్నమాట లోకానికి తలకెక్కడానికి చాలా ప్రాణాలు పోయినవి.

తొలినాటి రైళ్ళలో డబ్బాల బ్రేకులను మనుషులు చేతితో తిప్పి బిగించేవారు. 1869లో అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకు తెచ్చినాడు. డ్రైవరు గొట్టంలోకి గాలి వదిలితే అన్ని డబ్బాలకూ బ్రేకు పడేది. గొట్టం తెగితే మాత్రం బ్రేకు లేనట్టే. అందుకని 1872లో ఆయన పద్ధతినే తిరగవేసినాడు. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది; ఒత్తిడి పోతే దానంతటదే పడుతుంది.

ఆ తేడా విలువ ఎంతో 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర తెలిసింది. ఎత్తు ఎక్కలేక నిలిచిన రైలును రెండు ముక్కలు చేసినారు. దాని బ్రేకులు తమంతట పడేవి కావు. వెనక డబ్బాలు వాలులో జారిపోయి మరో రైలును గుద్దుకున్నవి. 80 మంది చనిపోయినారు. ఆ ఏడే బ్రిటన్‌లో ప్రయాణీకుల రైళ్ళకు తనంతట పడే బ్రేకు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

రోడ్డు బండ్లకు అమెరికాలోని బెలాయిట్ పట్టణపు ఆర్థర్ వార్నర్ కరెంటు బ్రేకు తయారుచేసినాడు; 1927లో దానికి కంపెనీ పెట్టినాడు. కరెంటు పారగానే డ్రమ్ములోని అయస్కాంతం తిరిగే డ్రమ్మును పట్టుకొని, మీటను లాగి, బ్రేకు షూలను ఒత్తుతుంది. ఎంత కరెంటు పంపాలో చెప్పే చిన్నపెట్టెయే కంట్రోలర్. దీన్ని జీపులు, పికప్ బండ్లలో డ్రైవరు చేతికందే చోట గట్టిగా బిగిస్తారు. దీనికి నాలుగు తీగలుంటవి: బ్యాటరీది, ఎర్తుది, బ్రేకు లైటుది, ట్రాలీ బ్రేకుకు పోయేది. సర్దుబాటు ట్రాలీలో బరువు వేసినాకనే చేయాలె. ఖాళీ మైదానంలో సుమారు 40 కిలోమీటర్ల వేగంలో చేతిమీట నొక్కి చూడాలె. చక్రాలు బిగుసుకొని జారితే బలం తగ్గించాలె. చక్రాలు జారకుండా బండిని గట్టిగా పట్టేదాకా పెంచాలె. కొక్కెం ఊడితే పిన్ను లాగబడి, ట్రాలీలోనే ఉన్న బ్యాటరీ బ్రేకు వేస్తుంది. వెస్టింగ్‌హౌస్ చెప్పిన పాఠమే ఇది.

ఇక మన మెదక్ సంగతి. దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాద్‌లో మొదలైంది. 2013లో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌కే ఫ్యాక్టరీ వచ్చింది. మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా చెరకు, నేటికీ వడ్లు ట్రాలీల మీదనే పోతున్నవి. ట్రాక్టరుకు బ్రేకు ఉంది గాని, ఎన్నో ట్రాలీలకు లేదు. చెరువుకట్ట దిగేటప్పుడు డ్రైవరు బ్రేకు తొక్కితే, నిండు ట్రాలీ వెనకనుంచి తోసి ట్రాక్టరును అడ్డం తిప్పుతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు అవుతుందని మరువవద్దు.

కాబట్టి ట్రాలీ కొనేటప్పుడు టైర్లు ఎన్ని అని అడిగినట్టే, బ్రేకు ఏదని కూడా అడగండి. రోడ్డెక్కే ముందు ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్ళకూ కొండి వేయండి. కొక్కెం పిన్నుకు తాళంపిన్ను, దానితోపాటు గొలుసు పెట్టండి. వాలు మొదలుకాకముందే తక్కువ గేరు వేయండి, న్యూట్రల్‌లో దిగవద్దు. పంట ఇల్లు చేరడం ఎంత ముఖ్యమో, తోలినవాడు ఇల్లు చేరడం అంతకన్న ముఖ్యం.