చాగోస్, ట్రోమెలిన్ దీవుల వివాదం

హిందూ మహాసముద్రంలో ఉష్ణమండలానికి చెందిన మారుమూల దీవులలో చాగోస్ ద్వీప సముదాయం, ట్రోమెలిన్ దీవి ముఖ్యమైనవి. ఈ రెండూ తనవేనని మారిషస్ వాదిస్తున్నది. చాగోస్ విషయంలో ప్రతిపక్షం బ్రిటన్ కాగా, ట్రోమెలిన్ విషయంలో ఫ్రాన్స్. రెండు వివాదాలకూ మూలం వలస పాలనలోనే ఉన్నది. అయితే దీవుల స్వరూపంలోనూ, వాటి మీద జీవించిన మనుషుల చరిత్రలోనూ పెద్ద తేడాలున్నాయి.

భౌగోళిక స్వరూపం

చాగోస్

చాగోస్ దీవులు మాల్దీవులకు దక్షిణంగా సుమారు 500 కి.మీ. దూరంలోనూ, మారిషస్‌కు ఈశాన్యంగా సుమారు 2,200 కి.మీ. దూరంలోనూ ఉన్నాయి. ఇందులో ఏడు వలయాకారపు పగడపు దిబ్బలు, వాటిపై అరవైకి పైగా చిన్న దీవులు కలవు. మొత్తం నేల వైశాల్యం సుమారు 60 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అందులో దాదాపు సగం డియెగో గార్సియా అనే ఒక్క దీవిదే. ఈ దీవి పాదముద్ర ఆకారంలో ఉండి, మధ్యనున్న ఉప్పునీటి కయ్యను మూడు వైపులా చుట్టుకొని ఉత్తరాన తెరచుకొని ఉంటుంది. పెద్ద ఓడలు లోపలికి వచ్చి లంగరు వేయడానికి ఈ ఏర్పాటు అనుకూలమైనది. పెరోస్ బాన్యోస్, సాలమన్, ఎగ్మాంట్ ఇతర ముఖ్య దీవులు. ఎక్కువ భాగం నీటిలో మునిగి ఉన్న గ్రేట్ చాగోస్ బ్యాంక్ ప్రపంచంలోని పగడపు వలయాలన్నిటిలోకీ పెద్దది.

లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ ఒకే సముద్రగర్భ శిఖరశ్రేణిపై వరుసగా ఉన్నాయి. భూమి లోపలినుండి శిలాద్రవాన్ని పైకి చిమ్మే ఒక ఉష్ణకేంద్రం మీదుగా భూఫలకం ఉత్తరానికి జరిగిపోతున్న కొద్దీ ఈ శ్రేణి ఏర్పడింది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కన్ బసాల్టు రాతి పొరలను పరచినదీ ఈ కేంద్రమేనని భూగర్భ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తెలంగాణలోని వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి నేలలకు ఆధారమైన రాయి ఆ పొరలలోనిదే. నేడు ఆ కేంద్రం రీయూనియన్ దీవి క్రింద ఉన్నది.

ట్రోమెలిన్

ట్రోమెలిన్ ఏకాకి దీవి. మడగాస్కర్‌కు తూర్పుగా సుమారు 450 కి.మీ. దూరంలో ఉన్నది. పొడవు సుమారు 1,700 మీటర్లు, వెడల్పు 700 మీటర్లు, వైశాల్యం సుమారు ఒక చదరపు కిలోమీటరు. ఎత్తు ఎనిమిది మీటర్లకు మించదు. సముద్రగర్భం నుండి లేచిన అగ్నిపర్వత శిఖరంపై పేరుకున్న పగడపు ఇసుకయే ఈ దీవి. మంచి ఓడరేవు లేదు. పొదలు తప్ప పెద్ద చెట్లు లేవు. సముద్రపు పక్షులు గూళ్ళు కట్టుకోవడానికి, ఆకుపచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇక్కడకు వస్తాయి. చాగోస్‌లో తుఫానులు అరుదు, వర్షం సమృద్ధి, కొబ్బరి బాగా పండుతుంది. ట్రోమెలిన్ తుఫానుల దారిలో ఉన్నది. ఒకదానిపై సమాజం నిలదొక్కుకోవడానికి, మరొకదానిపై నిలదొక్కుకోకపోవడానికి ఈ భేదం ఒక ముఖ్య కారణం.

చరిత్ర

18వ శతాబ్దంలో ఫ్రెంచివారు మడగాస్కర్, మొజాంబిక్ ప్రాంతాల నుండి బానిసలను తెచ్చి చాగోస్‌లో కొబ్బరి తోటలు వేయించారు. 1814 నాటి పారిస్ ఒప్పందంతో మారిషస్, దాని అనుబంధ దీవులు బ్రిటన్‌కు దక్కాయి. బానిసత్వం రద్దయిన తరువాత కూడా కార్మికులు అక్కడే ఉండిపోయారు. కొన్ని తరాలలో వారు సొంత క్రియోల్ భాష, ఆచారాలు గల చాగోసియన్లయ్యారు.

ట్రోమెలిన్ చరిత్ర విషాదకరమైనది. 1761లో మడగాస్కర్ నుండి బానిసలను రహస్యంగా తరలిస్తున్న 'యుతిల్' అనే ఫ్రెంచి ఓడ ఇక్కడ పగిలిపోయింది. నావికులు శిథిలాలతో పడవ కట్టుకొని, తిరిగి వస్తామని మాట ఇచ్చి వెళ్ళిపోయారు. సుమారు అరవై మంది బానిసలు దీవిపై మిగిలారు. 1776లో ట్రోమెలిన్ అనే అధికారి ఓడ వచ్చేనాటికి ఏడుగురు స్త్రీలు, ఒక పసిబిడ్డ మాత్రమే బ్రతికి ఉన్నారు. ఆ అధికారి పేరే దీవికి స్థిరపడింది. 2006లో మొదలైన పురావస్తు త్రవ్వకాలలో వారు కట్టుకున్న పగడపురాతి గుడిసెల ఆనవాళ్ళు, మరమ్మతు చేసుకొని వాడిన రాగి పాత్రలు బయటపడ్డాయి.

చాగోస్ వివాదం

మారిషస్‌కు స్వాతంత్ర్యం రావడానికి ముందే, 1965 నవంబరు 8న, బ్రిటన్ చాగోస్‌ను దానినుండి విడదీసి 'బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం' అనే క్రొత్త వలసగా ప్రకటించింది. 1966లో అమెరికాతో ఒప్పందం చేసుకొని డియెగో గార్సియాను సైనిక స్థావరానికి ఇచ్చింది. మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్ర దేశమయింది.

1968, 1973ల మధ్య దీవుల వాసులందరినీ ఖాళీ చేయించారు. వైద్యానికో, బంధువులను చూడడానికో మారిషస్ వెళ్ళినవారిని తిరిగి రానీయలేదు. మిగిలినవారిని ఓడలలో మారిషస్, సేషెల్స్‌లకు తరలించారు. తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవారిని తాత్కాలిక కూలీలుగా చూపడం ఈ చర్యకు ఆధారమయింది. నిర్వాసితులు చాలాకాలం పేదరికంలో మగ్గారు.

ఒలివియే బాన్‌కూల్ట్ నాయకత్వంలో వేసిన దావాలో 2000లో లండన్ హైకోర్టు వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. కానీ 2004లో ప్రభుత్వం ఆజ్ఞల ద్వారా తిరిగి నిషేధం విధించింది. 2008లో హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 ఆధిక్యతతో ఆ నిషేధాన్ని సమర్థించింది.

2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం, చాగోస్‌ను విడదీయడం చట్టవిరుద్ధమని, బ్రిటన్ తన పాలనను వీలైనంత త్వరగా ముగించాలని సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. అదే సంవత్సరం మే 22న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 116-6 ఓట్లతో దీనిని బలపరిచింది. భారతదేశం మారిషస్ పక్షాన ఓటు వేసింది.

2025 మే 22న బ్రిటన్, మారిషస్‌లు ఒప్పందంపై సంతకాలు చేశాయి. దీని ప్రకారం సార్వభౌమాధికారం మారిషస్‌ది. డియెగో గార్సియా నిర్వహణ మాత్రం 99 సంవత్సరాల పాటు బ్రిటన్‌కు ఉంటుంది. ఒప్పందం అమలుకు ఇరు దేశాల ఆమోద ప్రక్రియ పూర్తికావాలి. ఇతర దీవులలో పునరావాసానికి ఇందులో అవకాశమున్నది. డియెగో గార్సియాకు మాత్రం ఆ వీలు లేదు. తమను సంప్రదించకుండానే తమ భూమి గురించి నిర్ణయించారని పలువురు చాగోసియన్లు విమర్శించారు.

ట్రోమెలిన్ వివాదం

ఇక్కడి తగాదా ప్రధానంగా ఒక వాక్యం అర్థంపై ఆధారపడినది. 1814 ఒప్పందంలో మారిషస్‌నూ దాని అనుబంధాలనూ బ్రిటన్‌కు ఇస్తూ, రోడ్రిగ్స్, సేషెల్స్ పేర్లు ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆ పేర్లు ఉదాహరణలు మాత్రమేనని, ట్రోమెలిన్ కూడా అనుబంధాలలోనిదేనని మారిషస్ వాదన. పేరు లేని దీవి తమ వద్దనే మిగిలిందని ఫ్రాన్స్ వాదన. 1954 నుండి అక్కడ వాతావరణ కేంద్రాన్ని ఫ్రాన్స్ నిర్వహిస్తున్నది. 2010లో ఉభయ దేశాలు దీవిని కలిసి నిర్వహించడానికి ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రెంచి పార్లమెంటులో వ్యతిరేకత వలన 2017లో దాని ఆమోదం నిలిచిపోయింది.

పోలికలు, భేదాలు

సముద్ర చట్టం ప్రకారం దీవి చుట్టూ 200 నాటికల్ మైళ్ళ వరకు ప్రత్యేక ఆర్థిక మండలం పొందవచ్చు. అందువలన చదరపు కిలోమీటరు ఇసుకదిబ్బ అయిన ట్రోమెలిన్‌తో సుమారు 2,80,000 చదరపు కిలోమీటర్ల సముద్రంపై, అందులోని చేపలపై హక్కు లభిస్తుంది. చాగోస్ చుట్టూ ఈ విస్తీర్ణం సుమారు 6,40,000 చదరపు కిలోమీటర్లు. చాగోస్‌కు దీనితోపాటు సైనిక ప్రాముఖ్యం కూడా ఉన్నది.

ట్రోమెలిన్ వివాదం రెండు ప్రభుత్వాల మధ్యనే ఉన్నది. ఆ దీవికి తిరిగి వెళ్ళాలని కోరే ప్రజలెవరూ లేరు. చాగోస్‌లో ప్రభుత్వాలతో పాటు మూడవ పక్షం ఒకటున్నది. అది అక్కడ పుట్టి, వెళ్ళగొట్టబడిన ప్రజలు. సార్వభౌమాధికారం ఎవరిదో తేలినా, వారు తమ దీవులకు తిరిగి వెళ్ళగలరా అనేది వేరే ప్రశ్నగానే మిగులుతుంది.