పిలవని బేరం: మన్యం సావుకారు నుంచి టెలీకాలర్ దాకా

కొంచెం పెద్ద పోస్టు ఇది, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మన హాస్టల్ తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, డిగ్రీ అయిపోయింది. హైదరాబాద్‌లో టెలీకాలర్ ఉద్యోగం ఉందంట, చేరమంటావా?" అని అడిగాడు. అవునని చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ పని నేను పద్నాలుగు నెలలు చేశాను. ఆ అనుభవం చెప్పాలంటే ముందు మన తాతల కాలం నుంచి రావాలి.

వాళ్ల భాషలో దీన్ని కోల్డ్ కాల్ అంటారు. ముఖపరిచయం లేని మనిషికి, అతను అడగకుండానే ఫోన్ చేసి సరుకు అమ్మడం. ఫోన్ కొత్తది గానీ, పిలవకుండా వచ్చే బేరం మన్యానికి కొత్త కాదు.

పల్లం నుంచి సావుకారు ఉప్పు, బట్ట, కిరసనాయిలు పట్టుకుని కొండెక్కేవాడు. డబ్బు లేదంటే "పర్లేదు, చింతపండు సీజన్లో ఇద్దువులే" అనేవాడు. ఆ మాటే అప్పు. సీజన్ వచ్చేసరికి ధర అతనిదే, కొలత అతనిదే, లెక్కా అతనిదే. గోదావరి మన్యంలో 1879లో రంప తిరుగుబాటు లేచింది. చిగురుపన్ను, మన్సబుదారు దౌర్జన్యం, పోలీసుల వేధింపుల గురించి అందరూ చెప్తారు. ఇంకో కారణం తక్కువ మంది చెప్తారు. పల్లపు వర్తకులు మనవాళ్లతో ఒప్పందాలు రాయించుకుని, దూరాన ఉన్న కోర్టుల్లో దావాలు వేసేవాళ్లు. మనవాళ్లు హాజరు కాకపోతే ఏకపక్షంగా డిక్రీ వచ్చేది. ఆ కాగితంతో పశువులనూ పంటనూ తోలుకుపోయేవాళ్లు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి వాళ్ల వెనక జనం కదలడానికి ఈ మంట కూడా ఉంది.

తర్వాత సర్కారుకు కొంత తెలివొచ్చింది. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చారు. భూమి సంగతి అందరికీ తెలుసు, 1/70కి అదే మూలం. వడ్డీ సంగతి చూడండి. కొండజాతి మనిషి మీద ఏడాదికి 24 శాతం మించి వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ అసలే చెల్లదు. మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చి అటవీ ఫలసాయం కొనడం, డి.ఆర్. డిపోల్లో బియ్యం, ఉప్పు అమ్మడం మొదలుపెట్టింది. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వచ్చింది, లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదంది. అమలు ఎలా జరిగిందో మన ఊళ్లకు తెలుసు. కానీ గడప దగ్గరికి వచ్చిన సావుకారును ఆపడానికి ఒక చట్టమైనా ఉంది. ఫోన్‌లో వచ్చేవాడికి గడప లేదు కదా.

ఇప్పుడు ఫోన్ కథ. మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు 1882లోనే తెరిచారు. అంటే రంప తిరుగుబాటు మొదలైన మూడేళ్లకే. కానీ వందేళ్లు గడిచినా ఫోన్ అంటే ఆఫీసుల్లో, పెద్దోళ్ల ఇళ్లలో ఉండే వస్తువే. లైను కోసం ఏళ్ల తరబడి కాసుకోవాలి. అలాంటప్పుడు ఫోన్‌లో అమ్మేదెవరికి?

1994లో జాతీయ టెలికాం విధానం వచ్చి ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. 1995 జూలై 31న దేశంలో మొదటి సెల్ కాల్ మోగింది. అప్పట్లో నిమిషానికి 8 రూపాయలకు పైనే, పైగా కాల్ ఎత్తినవాడు కూడా కట్టాలి! లోను కావాలా అని ఎవడో అడిగితే, వద్దని చెప్పడానికి మన జేబులో డబ్బే పోయేది. 2003 మేలో ఆ పద్ధతి మారింది. కాల్ చేసినవాడే కట్టాలి, ఇన్‌కమింగ్ ఉచితం. అదే సమయంలో కాల్ రేట్లు పడిపోయాయి. టెలీకాలర్ ఉద్యోగం గంపగుత్తగా పుట్టుకొచ్చింది ఇక్కడే. బ్యాంకులు క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు అమ్మే పనిని ఏజెన్సీలకు అప్పగించాయి. ఆ ఏజెన్సీలకు కావలసింది కుర్చీ, హెడ్‌సెట్, నంబర్ల లిస్టు, తక్కువ జీతానికి మాట్లాడే గొంతు.

జనం విసిగిపోయారు. 2007లో ట్రాయ్ రూల్స్ తెచ్చి "నాకు కాల్ చేయొద్దు" అని నమోదు చేసుకునే రిజిస్టర్ పెట్టించింది. అది చాలక 2010లో ఇంకా గట్టి నిబంధనలు రాసింది, 2011 సెప్టెంబర్ 27 నుంచి అవి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. 1909కి మెసేజ్ పెడితే డీఎన్‌డీ. అమ్మకం కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు. రాత్రి 9 నుంచి ఉదయం 9 దాకా కాల్స్ బంద్. 2018లో మళ్లీ కొత్త నిబంధనలు. 2024 ఆగస్టులో, నమోదు కాకుండా కాల్స్ చేసేవాళ్ల కనెక్షన్లు కోసేసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమని కంపెనీలను ఆదేశించింది.

రూల్స్ మంచివే. కానీ కుర్చీలో కూర్చున్నాక నాకు అర్థమైంది ఒకటుంది. 1909 సంగతి తెలిసినవాడు లిస్టులోంచి తప్పుకుంటాడు. మిగిలేది తెలియనివాడు. అంటే లిస్టు వడపోసే కొద్దీ మన అమ్మానాన్నల లాంటి వాళ్లే అడుగున మిగులుతారు.

నా పని చెప్తాను. రోజుకు 150 కాల్స్ పైనే. అందులో పది మంది పూర్తిగా వింటే గొప్ప. నా పేరు చివర దొర అని ఉంటుంది, కస్టమర్లు నవ్వుతారని టీమ్ లీడర్ నన్ను "రాహుల్" చేశాడు. మొదటి నెల ప్రతి తిట్టూ ఒంటికి అంటుకునేది. పక్క కుర్చీలో అక్కలకు ఇంకా ఘోరం. గొంతు విని వంకర మాటలు మాట్లాడేవాళ్లు, అయినా ఫోన్ పెట్టేయకూడదు. టార్గెట్ దాటితే చప్పట్లు, ఇన్సెంటివ్. తర్వాతి నెల ఒకటో తారీఖున మళ్లీ సున్నా. పోడులో ఒక ఏడు పండి ఒక ఏడు ఎండినట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ వానలకు బదులు లిస్టు.

లాభం లేదని మాత్రం అనను. నలుగురిలో నోరు తెరవని నేను మాట్లాడటం నేర్చుకున్నాను. ఈఎంఐ లెక్క నోటికొచ్చింది. "వద్దు" అంటే నన్ను వద్దనడం కాదని తెలిసింది. చెల్లి నర్సింగ్ ఫీజు ఒక ఏడాదిది నా ఇన్సెంటివ్‌తోనే కట్టాం.

పదమూడో నెలలో ఒక కాల్. అవతల మనిషి "బాబూ" అనగానే మన మన్యం యాస గుర్తుపట్టాను. లక్ష రూపాయల లోను, 24 శాతం వడ్డీ, మూడేళ్లు. స్క్రిప్ట్‌లో ఉన్నది "నెలకు 3,923 మాత్రమే సార్" అని. ఆయన అడిగాడు: "మొత్తం మీద ఎంత అవుద్ది బాబూ? అసలుకు పైన ఎంత?"

మొత్తం చెప్పమని స్క్రిప్ట్‌లో లేదు. నేను చెప్పాను. 1,41,000 పైచిలుకు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఆయన కాసేపు ఆగి "వద్దులే బాబూ, కొడుకు పెళ్లి చిన్నగా చేసుకుంటాం" అన్నాడు. సాయంత్రం టీమ్ లీడర్ రికార్డింగ్ వినిపించి అందరి ముందు కడిగేశాడు. ఆ నెల ఇన్సెంటివ్ పోయింది. తర్వాతి నెల నేనే మానేశాను.

ఆ 24 అంకె 1917 చట్టంలో ఉందని అప్పుడు నాకు తెలియదు. పోటీ పరీక్షలకు చదువుతుంటే కనపడింది, పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. వందేళ్ల కిందట సావుకారును ఆపడానికి గీసిన గీత, నేను అమ్మిన లోనుకు రేటు అయింది. కొండెక్కి వచ్చే మనిషి మాత్రం మారాడు. ఈసారి వచ్చినవాడి గొంతు మనదే.

కాబట్టి తమ్ముడూ, అవసరముంటే చేరు, తప్పు లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ మూడు సంగతులు గుర్తుపెట్టుకో. ఫిక్స్‌డ్ జీతం కాగితం మీద రాయించుకో, ఉద్యోగం కోసం డిపాజిట్ అడిగితే వచ్చేయ్. నీ సొంత సిమ్‌తో కాల్స్ చేయమంటే ఒప్పుకోకు, రేపు తెగిపోయేది నీ నంబరే. మూడోది, ఎవరైనా "మొత్తం ఎంత అవుద్ది" అని అడిగితే మొత్తం చెప్పు. మన తాతలకు ఆ మాట చెప్పినవాడు లేకనే పశువులు పోయాయి.

ఇంట్లో అమ్మానాన్నల ఫోన్ తీసుకుని ఈ రోజే 1909కి డీఎన్‌డీ పెట్టండి. రెండు నిమిషాల పని.

జోహార్.